తీగ ఒకటి చాలు - వేలు ఒకటి చాలదు

మొన్న సెమిస్టరు పరీక్షల ముందు ఒక రాత్రి మా హాస్టలు గదిలో ఒక చిన్న సంఘటన జరిగింది. గదికి ముగ్గురం. నోట్సులన్నీ ఫోన్లలోనే ఉన్నాయి. ఒకడి దగ్గర సి-టైపు ఛార్జరు, నా దగ్గర పాత మైక్రో యూఎస్‌బీ, మూడోవాడి దగ్గర వాళ్ళ అన్నయ్య వాడి ఇచ్చిన పాత ఐఫోనూ, దాని లైట్నింగ్ తీగా ఉన్నాయి. ఆ రాత్రి సరిగ్గా ఆ మూడో తీగే తెగింది. మంచం మీద రెండు మంచి తీగలు పడి ఉండగానే వాడి ఫోను ఆరిపోయింది. తెల్లవారితే పరీక్ష.

అక్కడ మొదలైన వాదం అర్ధరాత్రి దాకా సాగింది. కంప్యూటర్ సైన్సు మిత్రుడు "లోకమంతటికీ ఒకే తీగ, ఒకే తాళం ఉండాలిరా. తీగేమో సి-టైపు, తాళమేమో మన వేలు. ఛార్జరు వెతుక్కునే పనీ లేదు, పాస్‌వర్డు మర్చిపోయే పనీ లేదు" అన్నాడు. ఎకనామిక్స్ మిత్రుడు ఊరుకోలేదు. "అంతా ఒకటే అన్నావంటే పెత్తనం కూడా ఒకడిదే అవుతుంది. ఎవరికి నచ్చింది వాళ్ళు తయారు చేసుకోనీ, ఎవరికి కావలసింది వాళ్ళు కొనుక్కుంటారు" అన్నాడు. ఇద్దరూ నన్ను తీర్పు చెప్పమన్నారు. ఆ రాత్రి చెప్పలేకపోయాను. తర్వాత కొంత చదివి, కొంత ఆలోచించి ఈ వ్యాసం రాస్తున్నాను. నా మటుకు నాకు ఇద్దరూ సగం సగం నెగ్గారనిపిస్తోంది. ఏ సగం ఎవరిదో చెప్పడమే ఇక్కడ నా పని.

బెజవాడకు తెలిసిన పాఠం

కనెక్టరు తగాదా మన ఊరికి కొత్తది కాదు. 1889లో నిజాం రాజ్యపు రైలు మార్గం సికిందరాబాదు నుంచి బెజవాడ చేరింది. అది బ్రాడ్ గేజి, అంటే పట్టాల మధ్య దూరం 1,676 మిల్లీమీటర్లు. గుంటకల్లు, గుంటూరు వైపు నుంచి వచ్చిన మార్గం మీటరు గేజి, అంటే సరిగ్గా వెయ్యి మిల్లీమీటర్లు. రెండూ రైళ్ళే, రెండింటికీ ఆవిరి యంత్రాలే. అయినా ఒకదాని వ్యాగను రెండోదాని మీద కదలదు. గేజి మారిన చోటల్లా సరుకు దించి మళ్ళీ ఎక్కించాల్సిందే. ఆ కూలీ, ఆ ఆలస్యం, ఆ నష్టం ఇంజనీర్లు భరించలేదు. సరుకు పంపినవాడూ కొన్నవాడూ భరించారు. దేశంలో గేజిని ఒకటి చెయ్యాలన్న యూనిగేజి పథకం 1992లో గాని మొదలు కాలేదు.

ఫోను కొనకు ఉండే రంధ్రం కూడా ఒక గేజి లాంటిదే. దాని ఆకారంలో కంపెనీకి లాభం ఉండవచ్చు గాని, వాడుకునే మనిషికి ఏ ఆనందమూ లేదు. కరెంటు లోపలికి వెళ్ళాలి, సమాచారం ఇటూ అటూ పోవాలి, అంతే కావలసింది. అలాంటి చోట రకరకాలు ఉండటం స్వేచ్ఛ కాదు, వట్టి ఖర్చు. యూరపులో వాడకుండా పడి ఉన్నవీ పారేసినవీ కలిపి ఛార్జర్ల చెత్తే ఏడాదికి సుమారు 11,000 టన్నులని అక్కడి కమిషను అంచనా వేసింది.

అందుకే యూరోపియన్ యూనియన్ 2022లో చట్టం చేసింది. 2024 డిసెంబరు 28 నుంచి అక్కడ అమ్మే కొత్త ఫోన్లకు సి-టైపు తప్పనిసరి అయింది. ల్యాప్‌టాప్‌లకు 2026 ఏప్రిల్ 28 గడువు పెట్టింది. 2012 నుంచి లైట్నింగ్ పట్టుకుని కూర్చున్న ఆపిల్ కంపెనీ 2023 సెప్టెంబరులో ఐఫోను 15తో సి-టైపుకు మారింది. మన దేశంలో 2022 నవంబరులో వినియోగదారుల వ్యవహారాల శాఖ కంపెనీలతో, విద్యాసంస్థల వారితో చర్చించింది. ఆ తర్వాత భారతీయ ప్రమాణాల సంస్థ సి-టైపుకు ప్రమాణాన్ని ప్రచురించింది.

ఇరవై నాలుగు పిన్నులు

సి-టైపు గొప్పదనం అటు తిప్పినా ఇటు తిప్పినా దూరడమే అనుకుంటారు చాలామంది. అసలు గొప్పదనం లోపల ఉంది. ఆ చిన్న రంధ్రంలో పైన పన్నెండు, కింద పన్నెండు, మొత్తం ఇరవై నాలుగు పిన్నులు. వాటిలో సీసీ అనే రెండు పిన్నులు కాపలావాళ్ళు. ఫోను లోపల ఈ రెండు పిన్నులకూ 5.1 కిలో ఓముల రెసిస్టర్లు ఉంటాయి. తీగ పెట్టగానే ఛార్జరు ఆ రెసిస్టరును గుర్తుపట్టి, అవతల ఎవరో ఉన్నారని తెలుసుకుని 5 వోల్టులు వదులుతుంది. ఆ తర్వాత రెండూ మాట్లాడుకుని 9, 15, 20 వోల్టుల దాకా పెంచుకుంటాయి. 2021లో వచ్చిన నియమాల ప్రకారం 48 వోల్టులు, 5 ఆంపియర్లు, అంటే 240 వాట్ల దాకా పోవచ్చు.

ఇక్కడ మనకు పనికొచ్చే సంగతి ఒకటుంది. చవకగా దొరికే కొన్ని టార్చిలైట్లు, చెవి ఫోన్లు పాత ఛార్జరుతో ఛార్జి అవుతాయి గాని కొత్త సి-సి తీగతో అసలు కావు. షాపువాడు "మీ ఛార్జరు మంచిది కాదండీ" అంటాడు. చాలాసార్లు ఛార్జరుది తప్పు కాదు. ఆ వస్తువు తయారుచేసినవాడు పైసల విలువ చేసే ఆ రెసిస్టర్లు మిగుల్చుకున్నాడు. పాత ఛార్జరు ఎవరున్నా లేకున్నా 5 వోల్టులు ఇస్తూనే ఉంటుంది. కొత్తది పలకరించి గాని ఇవ్వదు. పలకరింపుకు జవాబు చెప్పే రెసిస్టరు లేకపోతే తలుపు తెరుచుకోదు.

అంటే ఆకారం ఒకటైనంత మాత్రాన గుణం ఒకటి కాదు. ఒకే సి-టైపు ఆకారంలో సెకనుకు 480 మెగాబిట్లు పంపే తీగా ఉంది, 40 గిగాబిట్లు పంపే తీగా ఉంది. చూడటానికి రెండూ కవలపిల్లలే. కాబట్టి ప్రమాణం పెట్టేవాళ్ళు రంధ్రంతో ఆగకూడదు. తీగ మీద దాని శక్తి ఎంతో అచ్చు వేయించాలి.

ఎకనామిక్స్ మిత్రుడి ఆక్షేపణలో న్యాయం లేకపోలేదు. 2009లో యూరపులో కంపెనీలు మైక్రో యూఎస్‌బీని ఉమ్మడిగా ఒప్పుకున్నాయి. ఆనాడే దాన్ని రాతి మీద చెక్కి ఉంటే 2014లో సి-టైపు పుట్టేదా? అందుకని ప్రమాణమంటే శిలాశాసనం కాకూడదు. ఎప్పటికప్పుడు సవరించుకునే వీలుండాలి. రేపటి ఫోనుకు అసలు రంధ్రమే ఉండదనీ, అంతా తీగ లేని ఛార్జింగే అనీ కొందరంటున్నారు. ఫారడే 1831లో కనిపెట్టిన ప్రేరణ సూత్రమే దానికీ ఆధారం. కాని అందులో కొంత శక్తి వేడిగా పోతుంది. లిథియం బ్యాటరీకి వేడి శత్రువు. మే నెల బెజవాడ ఎండల్లో ఈ సౌకర్యం ఎంతవరకు సౌకర్యమో పాఠకులే ఊహించుకోవచ్చు.

ఏమైనా తీగ విషయంలో మొదటి మిత్రుడిదే గెలుపు. ఇక తాళం సంగతి.

అందరం వేలిముద్రగాళ్ళమే

మన వాడుకలో వేలిముద్రగాడంటే చదువు రానివాడని వెక్కిరింత. ఇప్పుడు ప్రొఫెసర్లతో సహా అందరం వేలిముద్రగాళ్ళమే అయ్యాం. ఈ విద్య కూడా మన దేశంలోనే నడక నేర్చింది. 1858లో బెంగాలులోని జంగీపూరులో విలియం హెర్షెల్ అనే ఆంగ్లేయ అధికారి ఒక కాంట్రాక్టు కాగితం మీద అరచేతి ముద్ర వేయించాడు. తర్వాత కలకత్తాలో వేలిముద్రలను వర్గీకరించే పద్ధతిని రూపొందించడంలో అజీజుల్ హక్, హేమచంద్ర బోసు ముఖ్యపాత్ర వహించారు. పేరు మాత్రం పై అధికారి హెన్రీకి దక్కింది.

ఫోనులో వేలు పెట్టినప్పుడు జరిగేది మన ఇంటర్మీడియట్ ఫిజిక్సే. వేలి మీది గట్టు సెన్సారుకు తగులుతుంది. గట్ల మధ్య పల్లంలో గాలి ఉంటుంది. పలకల మధ్య దూరం తగ్గితే కెపాసిటెన్సు పెరుగుతుందని చదువుకున్నాం కదా. గట్టు దగ్గర ఎక్కువ, పల్లం దగ్గర తక్కువ. ఆ తేడాలే బొమ్మ అవుతాయి. ఆ బొమ్మలో గీత ఎక్కడ ఆగింది, ఎక్కడ రెండుగా చీలింది అన్న గుర్తులను పోల్చి చూస్తారు.

ఈ పోలిక లెక్కల్లో లాగ నూటికి నూరు పాళ్ళు సరిపోయేది కాదు. ఒకే వేలు రెండుసార్లు పెట్టినా ఒకే బొమ్మ రాదు. ఎంత దగ్గరగా ఉంటే ఒప్పుకోవాలో ఎవరో ఒకరు నిర్ణయించాలి. రైసు మిల్లులో జల్లెడ ఉన్నట్టే ఇదీ. కళ్ళు పెద్దవైతే రాళ్ళు కూడా దిగుతాయి, చిన్నవైతే గింజలు కూడా పైనే ఉండిపోతాయి. దొంగను రానివ్వకూడదని బిగిస్తే ఇంటివాడు బయట నిలబడతాడు. రెండు తప్పుల్నీ ఒకేసారి సున్నా చేసే జల్లెడ ఇంతవరకు లేదు.

ఆపిల్ తన వేలిముద్ర సెన్సారును వేరొకరి వేలు తెరిచే అవకాశం 50,000లో ఒకటనీ, ముఖం గుర్తింపులో 10 లక్షల్లో ఒకటనీ చెప్పింది. జేబులో ఉండే ఫోనుకు ఇది చాలు. కాని అదే 50,000లో ఒకటిని పది లక్షల మంది ఉన్న నగరానికి వేసి చూడండి. ఇరవై మంది తేలతారు. ఒకరితో ఒకరిని పోల్చడం వేరు, ఒకరిని ఊరందరిలో వెతకడం వేరు.

ఇంకొక తేడా కూడా ఉంది. ఫోనులో వేలిముద్ర గుర్తులు ఆ ఫోనులోనే ఒక ప్రత్యేకమైన చిప్పులో దాగి ఉంటాయి. రేషను కొట్టు మిషను మాత్రం మన వేలిని దూరాన ఉన్న సర్వరుతో పోల్చి తెలుసుకుంటుంది. కాబట్టి అక్కడ వేలు అరిగినా చిక్కే, సిగ్నలు అందకపోయినా చిక్కే.

అమ్మమ్మ చెయ్యి

ఇక్కడ నా సొంత అనుభవం ఒకటి మనవి చేస్తాను. ఊరి పేరు, కొట్టు పేరు అనవసరం. మన రాష్ట్రంలో రేషను కొట్లలో 2015 నుంచి వేలిముద్ర మిషన్లు వచ్చాయి. ఒక సెలవుల్లో అమ్మమ్మతో కలిసి బియ్యానికి వెళ్ళాను. ఆమె నలభై ఏళ్ళు దివిసీమ చేలల్లో నాట్లు వేసింది, కలుపు తీసింది, దాళవా అయ్యాక మినప కాయ కోసింది. ఆ చేతి మీద గట్లేవి, పల్లాలేవి? కుడిచెయ్యి ఐదు వేళ్ళూ అయిపోయాయి. డీలరు మంచివాడే, "చెయ్యి కడుక్కుని రామ్మా" అన్నాడు. కడిగింది. కొంగుకు తుడిచింది. కాస్త కొబ్బరినూనె కూడా రాసింది. మిషను ఎర్రదీపమే చూపించింది.

"నా చెయ్యి నాది కాదంటదేంట్రా ఈ మిషను?" అంది అమ్మమ్మ.

నా దగ్గర జవాబు లేదు. మూడోరోజున ఎడమచేతి ఉంగరపు వేలు "సరే" అనిపించుకుంది. బియ్యం వచ్చాయి. మూడు పూటల కూలి పోయింది. వేలు పడనివారికి కంటిపాప మిషను, ఫోనుకు వచ్చే ఓటీపీ, గ్రామ రెవెన్యూ అధికారి తన వేలు వేసి ఇప్పించడం వంటి దారులు నియమాల్లో ఉన్నాయని తర్వాత చదివాను. ఆ రోజు ఆ దారి ఎటు ఉందో మాకు ఎవరూ చూపించలేదు.

దీన్ని ఐఫోనుతో పోల్చి చూడండి. ఐదుసార్లు వేలు పడకపోతే ఆ ఫోను గొడవ చెయ్యదు, పాస్‌కోడు అడుగుతుంది. ఆపి మళ్ళీ వేసినా ముందు అదే అడుగుతుంది. అంత ఖరీదైన సెన్సారు చేసినవాళ్ళే దాన్ని పూర్తిగా నమ్మలేదు, రెండో తలుపు పెట్టుకున్నారు. సరదాకు తెరిచే ఫోనుకు రెండో తలుపు అంత దగ్గరగా ఉంటే, అన్నం పెట్టే మిషనుకు ఇంకెంత దగ్గరగా ఉండాలి?

పాస్‌వర్డు పోతే మార్చుకుంటాం. తీగ తెగితే కొనుక్కుంటాం. వేలు మార్చుకోలేం. ఆధార్‌లో కూడా పిల్లలకు ఐదేళ్ళు దాటాకా, పదిహేనేళ్ళు దాటాకా వేలిముద్రలు కొత్తగా ఇవ్వమంటారు. అంటే శరీరం మారుతుందని ఆ ఏర్పాటే ఒప్పుకుంటోంది. 2018 సెప్టెంబరు 26న సుప్రీంకోర్టు సబ్సిడీలకు ఆధార్‌ను సమర్థిస్తూనే, బ్యాంకు ఖాతాలకు, సిమ్ములకు దాన్ని తప్పనిసరి చెయ్యడాన్ని కొట్టివేసింది. 2022 ఆగస్టులో మన రాష్ట్రంలో ఉపాధ్యాయుల హాజరుకు ముఖం గుర్తుపట్టే యాప్ పెట్టినప్పుడు, సొంత ఫోనులో ఎందుకు వెయ్యాలని సంఘాలు అడిగాయి. అడగవలసిన ప్రశ్నే. ముఖం మనది, ఫోను మనది, హాజరు పట్టీ మరొకరిది.

తీర్పు

కాబట్టి మా గది వాదానికి నా తీర్పు ఇది. వస్తువు వస్తువుతో కలిసే చోట ఒకే పద్ధతి ఉండాలి, ఎందుకంటే వస్తువులను కొలత ప్రకారం చెయ్యవచ్చు. మనిషి వస్తువుతో కలిసే చోట రెండు దారులైనా ఉండాలి, ఎందుకంటే మనుషులను కొలత ప్రకారం చెయ్యలేం.

ఈసారి ఫోను గాని మరేదైనా గాని కొనేటప్పుడు నాలుగు ప్రశ్నలు వెయ్యండి. సి-సి తీగతో ఛార్జి అవుతుందా? తీగ మీద దాని వాట్లు రాసి ఉన్నాయా? నా వేలిముద్ర ఈ వస్తువులోనే ఉంటుందా, ఎక్కడికైనా పోతుందా? వేలు పడకపోతే రెండో దారి ఏది? మొదటి రెండింటికీ షాపువాడు జవాబు చెప్పగలడు. చివరి రెండూ తయారుచేసేవాళ్ళను అడగాలి.

విద్యార్థి మిత్రులారా! నాలుగైదేళ్ళలో ఆ తయారుచేసేవాళ్ళలో మనమూ ఉంటాం. మనలో కొందరు సెన్సార్లు గీస్తారు, కొందరు నియమాలు రాస్తారు, కొందరు కౌంటరు వెనుక కూర్చుంటారు. ఆ రోజున మన ముందుకు నాట్లు వేసిన చెయ్యి ఒకటి వస్తుంది. ఎర్రదీపం వెలిగినప్పుడు "రేపు రామ్మా" అనకుండా రెండో తలుపు తీసే ఏర్పాటు ముందే చేసి ఉంచుదాం. జల్లెడ కళ్ళు ఎంత ఉండాలో నిర్ణయించేటప్పుడు పైన మిగిలిపోయే గింజలు ఎవరివో ఒక్కసారి చూసుకుందాం.