ఇంటి తాళము ఎవరి చేతిలో నుండవలెను?

ఈ నెల పాఠములో ఇంటి తలుపునకు అమర్చు స్మార్ట్ లాకును గూర్చి ఆలోచింతము. ఇది పట్టణవాసుల వస్తువు గదా, మనకేల అని కొందరనవచ్చును. అయితే నేడు మన గ్రామములలో అనేకమంది వృద్ధులు ఒంటరిగా నివసించుచున్నారు. వారి పిల్లలు హైదరాబాదులోనో, గల్ఫు దేశములలోనో, అమెరికాలోనో ఉన్నారు. “అమ్మా, నీవు తాళము వేసితివో లేదో నేను ఇక్కడనుండియే చూచెదను. నీకు ఆపద కలిగినయెడల పొరుగువారికి నేనే తలుపు తీసెదను” అని కుమారుడు ప్రేమతో ఈ లాకును కొని పంపును. ప్రేమ మంచిదే. కాని ఆలోచన లేక కొన్నయెడల ఆ తల్లి తన గుమ్మము బయటనే నిలువవలసి వచ్చును.

తాళమునకు రెండు పనులు కలవు. రాకూడనివారిని ఆపుట ఒకటి, రావలసినవారిని రానిచ్చుట మరియొకటి. మొదటి పని అందరికిని జ్ఞాపకముండును. రెండవదానిని మనము తరచుగా మరచెదము.

ఈ వస్తువు నిజముగా ఏమైయున్నదో మొదట తెలిసికొందము. ప్రాచీన ఐగుప్తులో కొయ్య తాళములుండెను. వాటిలో చిన్న మేకులు జారిపడి గడియను పట్టుకొనెడివి. ఆ సూత్రమునే లైనస్ యేల్ అను అమెరికా దేశస్థుడు చిన్న లోహపు తాళముగా మలిచి 1861లో పేటెంటు పొందెను. మన దేశములో గోద్రెజ్ వారు 1897లో బొంబాయిలో తాళములు చేయనారంభించిరి. స్మార్ట్ లాకులో సహితము తలుపును పట్టియుంచునది ఒక లోహపు గడియయే. గడియ మారలేదు, దానిని త్రిప్పు చేయి మాత్రమే మారినది. మన చేతికి బదులు బ్యాటరీతో నడచు చిన్న మోటారు దానిని త్రిప్పును. కావున ఆ మోటారు పనిచేయని దినమున ఏమగును అను ప్రశ్నతోనే ఎన్నిక మొదలుపెట్టవలెను.

మొదటి సంగతి: తలుపును చూడుడి.

అమ్మకమునకు వచ్చు లాకులలో అనేకము 35 మొదలుకొని 45 మిల్లీమీటర్ల మందముగల ఒంటి రెక్క తలుపులకు చేయబడినవి. మన పాత ఇండ్లలోని రెండు రెక్కల టేకు తలుపునకు అవి ఊరకనే అమరవు. ఒక రెక్కను పైన క్రింద బోల్టులతో బిగించినగాని రెండవ రెక్కకు పెట్టిన లాకు నిలువదు. మరియు వర్షాకాలమున కొయ్య ఉబ్బును. అప్పుడు గడియ ద్వారబంధమును ఒరసికొనును, మోటారు దానిని నెట్టలేక పెనుగులాడును, బ్యాటరీ త్వరగా అయిపోవును. కాబట్టి లాకు కొనకమునుపే వడ్రంగిని పిలిచి, తలుపు సుళువుగా మూసికొనునట్లు, గడియ రాపిడి లేక లోనికి పోవునట్లు సరిచేయించుడి. వాన జల్లు తగులు గుమ్మమైతే ఐపీ65 అను గుర్తు గలదానిని అడుగుడి. దుమ్మును, నీటి చిమ్ములను అది తట్టుకొనునని దాని భావము.

రెండవ సంగతి: దినదినము తలుపు తీయు చేతులను చూడుడి.

వ్రేలిముద్రతో తెరచుకొను లాకు చూచుటకు వింతగా నుండును. కాని పొలము పనులలో అరిగిపోయిన వ్రేళ్లను యంత్రము గుర్తింపకపోవుట రేషను దుకాణము నొద్ద మనలో అనేకులు ఎరిగిన సంగతియే. తడిచేతులతోను ఇదే చిక్కు. కావున వ్రేలిముద్ర మాత్రమే గల లాకును కొనవలదు. పెద్ద అంకెలతో, చీకటిలో వెలుగు మీటలు గలదియు, తాళపుచెవి గలదియు కొనుడి. అంకెలు చదువలేనివారికి చిన్న కార్డునుగాని ట్యాగునుగాని తాకించి తెరచు వీలుండుట మేలు. స్మార్ట్ ఫోను వాడని తల్లికి ఫోనుతో మాత్రమే తెరచు లాకు ఎందుకు?

మూడవ సంగతి: బ్యాటరీని మరువకుడి.

ఈ లాకులలో అధిక భాగము నాలుగు చిన్న ఏఏ బ్యాటరీలతో నడచును. కరెంటు పోయినంత మాత్రమున అవి ఆగిపోవు, అది మంచిదే. అయితే కొన్ని నెలలకు బ్యాటరీలు అయిపోవును. ఎల్లప్పుడు వైఫైతో కలిసియుండు లాకులో మరింత త్వరగా అయిపోవును. బయటనుండి 9 వోల్టుల బ్యాటరీని తాకించుటకుగాని యూఎస్‌బీ తీగ పెట్టుటకుగాని చోటున్నదో లేదో చూడుడి. అన్నిటికంటె ముఖ్యము తాళపుచెవి రంధ్రము. 2017 ఆగస్టులో అమెరికాలో లాక్‌స్టేట్ అను కంపెనీ తప్పు ప్రోగ్రామును దూరమునుండి పంపుటవలన సుమారు 500 లాకులు చెడిపోయి, వాటి అంకెల మీటలు పనిచేయకపోయెను. అట్టి దినమున మనలను ఇంటిలోనికి చేర్చునది తాళపుచెవియే. రెండవ తాళపుచెవిని నమ్మకమైన పొరుగింట నుంచుడి. ఇంటిలోపలి బీరువాలో దాచినయెడల అక్కరకు రాదు.

నాల్గవ సంగతి: లాకు దూరముతో మాటలాడు మార్గమును తెలిసికొనుడి.

బ్లూటూత్ లాకు దగ్గరనున్న ఫోనుతోనే మాటలాడును. వైఫై లాకు ఇంటిలోని రౌటరు ద్వారా దూరమునకు మాటలాడును. జిగ్‌బీ, జెడ్‌వేవ్ అను పద్ధతుల లాకులకు హబ్బు అను మరియొక పెట్టె కావలెను. అమెరికానుండి బంధువులు తెచ్చు జెడ్‌వేవ్ లాకు అక్కడి 908 మెగాహెర్ట్జ్ అలలతో పనిచేయును. మన దేశమునకు ఏర్పడినది 865 మెగాహెర్ట్జ్. కావున ఇక్కడ కొన్న హబ్బుతో అది మాటలాడదు. ఇంటిలోని దీపములు, కెమెరాలు వేర్వేరు కంపెనీలవైనను కలిసి పనిచేయుటకు 2022లో మ్యాటర్ అను ఉమ్మడి పద్ధతి వెలువడెను. ఆ గుర్తు ఉన్నదేమో విచారించుడి.

భద్రతనుగూడ అడుగుడి. 2016లో ఆంథొనీ రోజ్, బెన్ రామ్సే అనువారు 16 బ్లూటూత్ తాళములను పరీక్షించి, వాటిలో 12 తెరచిరి. కొన్ని తాళములు పాస్‌వర్డును మరుగుపరచకయే గాలిలో పంపుచుండెను. కాబట్టి భద్రతా సవరణలను ఎన్ని సంవత్సరములు పంపుదురో చెప్పలేని కంపెనీ లాకును విడిచిపెట్టుడి.

ఐదవ సంగతి: అధికారము ఎవరిది?

లాకును మొదట ఫోనులో నమోదు చేసినవాడే దానికి యజమాని యగును. ఎవరికి ఏ అంకె ఇవ్వవలెనో, ఎవరిది తీసివేయవలెనో అతని చేతిలో నుండును. పనిమనిషికి, పొరుగువారికి వేర్వేరు అంకెలిచ్చి, పని తీరిన వెంటనే తీసివేయుడి. పాత ఫోను అమ్మునప్పుడు అందులోని హక్కును తీసివేయుడి. తెలియనివాడు ఎవడో గుమ్మము నొద్దనుండి ఫోను చేసి కరెంటు ఆఫీసువాడనని చెప్పినంతనే దూరమునుండి తలుపు తీయవలదు.

ఇంకొక మాట. ఆ తల్లి ఎన్ని గంటలకు వెళ్లెనో, ఎన్ని గంటలకు వచ్చెనో లాకు వ్రాసిపెట్టును. కుమారుడు దానిని చూచుచున్నాడని ఆమెకు తెలియవలెను, ఆమె ఒప్పుకొనవలెను. ఆమె ఇంటికి ఆమెయే యజమానురాలు. తల్లిని కాపాడుట వేరు, కావలి కాయుట వేరు.

అమర్చిన దినముననే మూడు పరీక్షలు చేయుడి. రౌటరు ఆపి అంకెలతో తెరువుడి. బ్యాటరీలు తీసి తాళపుచెవితో తెరువుడి. పిమ్మట బ్యాటరీలు లేకయే, దీపములార్పి, లోపలనుండి ఆ తల్లి చేతితోనే తెరిపించుడి. అగ్ని ప్రమాదమున ఆమె ప్రాణము ఈ మూడవ పరీక్షపైననే ఆధారపడియుండును. వీటిలో ఒక్కటి తప్పినను ఆ లాకును తిరిగి ఇచ్చివేయుడి. మంచి మామూలు తాళమును, రెండవ తాళపుచెవి గల మంచి పొరుగువారును దానికంటె మేలు.

ఆలోచించుటకు ప్రశ్నలు

1. మన ఇంటి తలుపు వర్షాకాలమున సుళువుగా మూసికొనుచున్నదా?

2. బ్యాటరీ, ఫోను, రౌటరు మూడును ఆగినయెడల మన ఇంటిలోని పెద్దవారు ఎట్లు లోనికి వచ్చెదరు, ఎట్లు బయటికి పోయెదరు?

3. మన రెండవ తాళపుచెవి నేడు ఎవరియొద్ద నున్నది?

4. దూరమునున్న మన పెద్దల తలుపును గూర్చి నిర్ణయించునప్పుడు, మొదట వారిని అడిగితిమా?