లక్ష్మణరాయ పరిశోధక మండలి - మన రెండు జిల్లాల శాసనాలు

చరిత్ర అంటే మనలో చాలామందికి పరీక్షలో వచ్చే పది మార్కుల ప్రశ్న. కాకతీయుల పరిపాలనా విధానాన్ని వివరించండి అంటే నాలుగు పేజీలు నింపుతాము. మన ఊరి చెరువు ఎవరు కట్టించారో చెప్పమంటే మాత్రం తెల్లమొగం వేస్తాము. ఆ జవాబు చాలా ఊళ్ళలో చెరువు కట్ట మీదనో, గుడి ముంగిటనో రాతిమీద చెక్కే వుంటుంది. చదివేవారు లేక అది మూగదై పడివున్నది. అటువంటి రాళ్ళ చేత మాట్లాడించాలని సుమారు నూరేండ్ల కిందట హైదరాబాదులో పూనుకొన్న సంస్థ లక్ష్మణరాయ పరిశోధక మండలి. నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల విద్యార్థులమైన మనకు ఆ సంస్థతో వున్న సంబంధం మనం అనుకొనేదానికంటె దగ్గరిది.

మండలికి ఎవరి పేరు పెట్టారో ఆ కొమర్రాజు వెంకట లక్ష్మణరావు 1877లో పెనుగంచిప్రోలులో పుట్టినా, అక్షరాలు దిద్దింది మన భువనగిరిలో. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం వెలియడానికి, 1906లో విజ్ఞాన చంద్రికా మండలి పుట్టడానికి ఆయన ముఖ్యకారకుడు. శాసనాలను స్వయంగా పరిష్కరించిన చరిత్రకారుడు. 1923లో ఆయన మరణించిన పిమ్మట తెలంగాణపు పరిశోధక సంఘానికి ఆయన పేరు స్థిరపడింది. ఆదిరాజు వీరభద్రరావు దాని కార్యభారాన్ని చాలాకాలం మోశారు. శేషాద్రి రమణ కవులుగా పేరొందిన దూపాటి సోదరులు ఊరూరా తిరిగి శాసనాలను, తాళపత్రాలను సేకరించారు.

అప్పటి పరిస్థితిని కూడా తలచుకోవాలి. నిజాం రాష్ట్రంలో తెలుగు బడులు అరుదు. సభ పెట్టుకోవాలంటే 53వ నంబరు గస్తీ ప్రకారం ముందుగా అనుమతి తెచ్చుకోవాలి. ప్రభుత్వ పురావస్తు శాఖ 1914లో ఏర్పడి గులాం యజ్దానీ నాయకత్వాన మంచి పనే చేసింది. కాదనడం అన్యాయం. కాని దాని ప్రచురణలు ఇంగ్లీషులో వుండేవి. శాసనం వున్న ఊరివాడు తన ఊరి శాసనాన్ని తన భాషలో చదువుకోవాలన్నది మండలి పట్టుదల. ఆ పట్టుదలకు ఫలం 1935లో వెలువడిన ‘తెలంగాణా శాసనములు’ మొదటి సంపుటం. రెండవ సంపుటం కోసం పాతికేళ్ళు ఆగవలసి వచ్చింది. అది 1960లో గడియారం రామకృష్ణశర్మ సంపాదకత్వాన వచ్చింది. ఆయన మన అలంపురం వారు.

సరిగ్గా ఆ కాలంలోనే మరోవైపు సురవరం ప్రతాపరెడ్డి చేసిన పనిని మరువరాదు. నిజాం రాష్ట్రంలో తెలుగు కవులే లేరన్న ఆక్షేపణ వస్తే, ఆయన వాదులాట పెట్టుకోలేదు. 1934లో 354 మంది కవులతో ‘గోలకొండ కవుల సంచిక’ అచ్చువేసి చేతికిచ్చారు. తర్వాత 1949లో వచ్చిన ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’లో రాజుల యుద్ధాలను పక్కకు నెట్టి జనం తిండి, బట్ట, ఆటపాటలను వెదికారు.

ఇక శాసనాలు మనకు ఏమి చెబుతాయి? ఒక ఉదాహరణ చాలు. హనుమకొండ వేయిస్తంభాల గుడిలోని 1163 నాటి రుద్రదేవుని శాసనం పాఠ్యపుస్తకాలన్నిటిలోను కనిపిస్తుంది. అందులో రుద్రుడు కందూరు చోడుల మీద చేసిన దండయాత్ర వర్ణన వున్నది. శత్రురాజులు భయంతోనే ప్రాణాలు విడిచినట్టు కవి చెప్పాడు. గెలిచినవారి శాసనం మరి, అట్లాగే చెబుతుంది! ఆ ఒక్క రాయే మనకు మిగిలివుంటే కందూరు చోడులు పారిపోయిన పిరికివారుగానే మిగిలిపోయేవారు. కాని వారి సొంత నేల మన రెండు జిల్లాలే. మహబూబ్‌నగర్ వైపు కందూరు, వర్ధమానపురం (నేటి నందివడ్డెమాను), నల్లగొండ వైపు పానగల్లు. ఇక్కడి శాసనాలు కలిపి చదివితే కళ్యాణి చాళుక్యుల సామంతులుగా గుళ్ళు కట్టించి, చెరువులు తవ్వించిన ఒక వంశం కనిపిస్తుంది. పానగల్లు ఉదయసముద్రం ఆ వంశపు ఉదయుని పేర వెలసినదే. నేడు అది నల్లగొండ పట్టణానికి తాగునీటి జలాశయం. పానగల్లు ఛాయాసోమేశ్వరంలో లింగం వెనుక కదలని నీడను చూడడానికి బస్సులేసుకొని వెళతాము గాని, ఆ ఊరి శాసనాల వైపు తొంగిచూసేవారు అరుదు.

ఊళ్ళ పేర్లతో మాత్రం భద్రంగా వుండాలి. పానగల్లు నల్లగొండ పక్కన ఒకటి, కోట వున్న పానగల్లు వనపర్తి వైపు ఒకటి. పిల్లలమర్రి కూడా అంతే. మహబూబ్‌నగర్ దగ్గరిది మహా మర్రిచెట్టు, సూర్యాపేట దగ్గరిది రేచర్ల రెడ్ల రాజధాని. ఏ శాసనం ఏ ఊరిదో తేలకముందే కథ అల్లితే నవ్వులపాలు అవుతాము.

ఆ రెండో పిల్లలమర్రినే ఒక చిన్న పాఠంగా తీసుకొందాం. రేచర్ల బేతిరెడ్డి భార్య ఎరకసానమ్మ అక్కడ ఎరకేశ్వరాలయం కట్టించింది. కాలం శక వర్షం 1130. శక సంవత్సరానికి 78 కలిపితే క్రీస్తుశకం 1208. ఇంతటితో ఆగరాదు. శాసనాల్లో శక సంఖ్యతోపాటు ప్రభవాది సంవత్సరం పేరు కూడా సాధారణంగా వుంటుంది. మనకు తెలిసిన ప్రభవ 1987లో వచ్చింది. అరవై ఏండ్లకొక ఆవృత్తి గనుక పదమూడు ఆవృత్తులు, అంటే 780 ఏండ్లు వెనక్కు పోతే 1207 ప్రభవ, 1208 విభవ అవుతుంది. అంకె అరిగిపోయి విభవ అన్న మాట మిగిలినా, లేక మాట చెరిగి అంకె మిగిలినా ఒకటి రెండోదానికి సాక్ష్యం పలుకుతుంది. రెండూ పొసగకపోతే చదవడంలో తప్పయినా వుండాలి, చెక్కడంలో తప్పయినా వుండాలి.

శాసనానికి నకలు తీయడం కూడా గొప్ప యంత్రాలతో పని కాదు. రాతిని నీళ్ళతో, మెత్తని కుంచెతో కడిగి, తడి కాగితం పరచి, అక్షరాల గుంతల్లోకి కాగితం దిగేట్టు బ్రష్షుతో కొట్టాలి. పైన సిరా అద్దితే రాయి నల్లగా, అక్షరం తెల్లగా తేలుతుంది. సుద్దముక్కతో అక్షరాలు దిద్ది ఫొటో తీసే అలవాటు మనవాళ్ళలో వున్నది. అది శాసనాన్ని చదవడం కాదు, మనకు తోచింది రాతిమీద రాయడం.

ఆ నకలు విలువ ఎంతటిదో కృష్ణానది చెప్పింది. 1955లో నాగార్జునసాగర్‌కు పునాది పడిన తర్వాత నాగార్జునకొండతో పాటు మన నల్లగొండ వైపు ఏలేశ్వరం కూడా ముంపు లెక్కలో చేరింది. 1957 నుండి అబ్దుల్ వహీద్ ఖాన్ అక్కడ తవ్వకాలు జరిపి దొరికినంత బయటికి తీశారు. ఊరు నీళ్ళపాలైంది. ఆ తర్వాత శ్రీశైలం జలాశయం వంతు. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయిగా విప్పి అలంపురంలో మళ్ళీ నిలబెట్టారు. సోమశిల గుళ్ళు కూడా చోటు మారాయి. గుడిని మోసుకొని రావచ్చు. గుడి మాన్యం ఏ చెలక, దాని తూర్పు పొలిమేర ఏ వాగు అన్నది శాసనపు అచ్చుప్రతిలో తప్ప ఇంకెక్కడ వుంటుంది?

మండలి దారిలోనే తర్వాత ఒంటరిగా నడిచినవారు బి.ఎన్. శాస్త్రి. వలిగొండ ప్రాంతం వారైన ఆయన ‘మూసీ’ పత్రిక నడిపి, నల్లగొండ జిల్లా శాసనాలను సంపుటాలుగా తెచ్చారు. రామన్నపేట దగ్గర తుమ్మలగూడెం, అనగా ఇంద్రపాలనగరం, తామ్రశాసనాలను 1960ల్లో వెలుగులోకి తెచ్చిన కీర్తి ఆయనదే. వాటిలో ఒకదానిపై శక 488, అంటే క్రీస్తుశకం 566 అని వున్నది. అంతవరకు విష్ణుకుండినుల కాలం గురించి ఎవరికి తోచినట్టు వారు వాదించేవారు. ఒక పల్లెలో దొరికిన రాగిరేకు పండితుల పట్టికలన్నీ తిరగరాయించింది.

నల్లగొండలో 2007లో మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయం, మహబూబ్‌నగర్‌లో 2008లో పాలమూరు విశ్వవిద్యాలయం వచ్చాయి. పాత రెండు జిల్లాలు ఇప్పుడు ఎనిమిదైనాయి. 1935 నాటి పుస్తకంలో వున్న ఒక శాసనం నేడు ఏ జిల్లా, ఏ మండలం కిందికి వస్తుంది, ఆ రాయి అక్కడే వున్నదా, గుడికి సున్నం వేసేటప్పుడు దానికీ రంగు పూశారా, బావి మెట్టుగా వేసుకొన్నారా అన్నది చూసి రావడానికి డిగ్రీ విద్యార్థికి రెండు సెలవు రోజులు చాలు. సంపుటం ఒకటి, నోటుబుక్కు ఒకటి పట్టుకొని పోవాలి. ముందుగా ఊళ్ళో పెద్దవాళ్ళను, చెరువు నీరటికాడిని అడగాలి. రాయి ఎక్కడున్నదో వాళ్ళకే తెలుస్తుంది.