వెండి తీగల నగిషీని దగ్గరగా ఫొటో తీయడం ఎలా?

కరీంనగర్ ఫిలిగ్రీలో సన్నని వెండి తీగలను మెలిపెట్టి, చుట్టలుగా చుట్టి, చట్రంలో అమర్చి అతికిస్తారు. ఫొటోలో ఆ మెలికే కనిపించాలి. చాలాసార్లు కనిపించేవి తెల్లటి మెరుపు మచ్చలు. అందుకు ముఖ్య కారణం కెమెరా కాదు, వెలుతురు. మెరుగుపెట్టిన వెండి అద్దంలాంటిది, ఎదురుగా ఉన్నదాన్నే చూపిస్తుంది. చిన్న బల్బు పెడితే తీగతీగకూ ఒక చుక్క మెరిసి, మిగతాదంతా నల్లబడుతుంది. ఫోన్ ఫ్లాష్‌తో జరిగేదీ ఇదే. అదే వెలుతురు ట్రేసింగ్ పేపర్ గుండా వస్తే మెరుపు వెడల్పుగా పరుచుకుని తీగ గుండ్రదనం తెలుస్తుంది. కాగితాన్ని ఫ్రేములో పడనంత మేర వస్తువుకు దగ్గరగా జరపాలి. వెలుతురు ఒక పక్క నుంచి ఏటవాలుగా పడాలి. అవతలి పక్కన తెల్ల అట్ట పెడితే నీడలు తేలికవుతాయి. అంచులు నేపథ్యంలో కలిసిపోతుంటే సన్నని నల్ల అట్టముక్కను పక్కన నిలబెట్టాలి. దాని ప్రతిబింబం తీగకు గీత గీసినట్టు అంచు కడుతుంది. ఇంత చవకైన, ఇంత పనికొచ్చే సాధనం మరొకటి లేదు. పోలరైజర్ ఫిల్టర్ మాత్రం లోహపు మెరుపును నేరుగా పెద్దగా తగ్గించదు.

వెలుతురు కుదిరాక చూడాల్సింది ఫోకస్. ఫుల్‌ఫ్రేమ్ కెమెరాతో 1:1 సైజులో, అంటే వస్తువు సెన్సర్ మీద అసలు సైజులోనే పడేలా తీస్తే ఎఫ్/8 దగ్గర స్పష్టంగా ఉండే లోతు దాదాపు 1 మిల్లీమీటరే. ఎఫ్/22కు వెళితే లోతు పెరుగుతుంది గానీ వివర్తనం (సన్నని రంధ్రం గుండా వెళ్లే వెలుతురు చెదరడం) వల్ల చిత్రమంతా మసకబారుతుంది. అందువల్ల ట్రైపాడ్ మీద, 2 సెకన్ల టైమర్‌తో, ఐఎస్ఓ 100 దగ్గర, ఫోకస్‌ను కొద్దికొద్దిగా జరుపుతూ పది పదిహేను ఫొటోలు తీసి సాఫ్ట్‌వేర్‌లో కలపడం మేలు. చదునైన పని అయితే సెన్సర్‌కు సమాంతరంగా పెడితే ఒక్క ఫొటో చాలు.