ఆంప్లిఫయరును మెల్లగా మేల్కొలుపుట

హైదరాబాదు

చిరంజీవియైన మేనల్లునికి,

నీవు గీసి పంపిన పటము చూచితిని. ఆంప్లిఫయరు పని ముగిసినదనియు, మిగిలినది సాఫ్ట్ స్టార్టు బోర్డొక్కటే గనుక దానిని ఒక సాయంకాలమున తేల్చివేయుదుననియు వ్రాసితివి. ఆ పెట్టెలోని బోర్డులన్నింటిలో మిక్కిలి చిన్నదియు, మిక్కిలి అశ్రద్ధకు గురియగునదియు, ఇల్లు తగులబెట్టగల శక్తి కలదియు అదియే. నాలుగు సాయంకాలములు వెచ్చించుము.

నీవు కొన్న 500 వీఏ టొరాయిడు ట్రాన్స్‌ఫార్మరు చూడ గారెవలె అమాయకముగా నుండును. నిండు భారమునందైనను రెండు ఆంపియర్లకు కొంచెము పైగా మాత్రమే కోరు ఆ వస్తువే, క్రిందటిసారి ఆపినప్పటి అయస్కాంతత్వము దాని ఇనుప వలయమునందు కొంత మిగిలియుండుటచేతను, మీట పడు సమయమున విద్యుత్తరంగము సున్నయొద్ద నున్నచో ఆ ఇనుము సంతృప్తమై చుట్టకున్న అడ్డు తొలగిపోవుటచేతను, చుట్ట తీగకు సహజమైన నిరోధము ఏ రెండు మూడు ఓములో యగుటచేతను, పదుల ఆంపియర్లను ఒక్క గుక్కలో లాగివేయును. దానికి తోడు 10,000 మైక్రోఫారడ్ల కెపాసిటర్లు నాలుగు ఖాళీ కడుపుతో కాచుకొనియుండును. ఇంటిలో ఎం.సి.బి. పడుట అందుకే. ఫ్యూజు పోయినప్పుడెల్ల మనవారు చేయు పని ఇంకను పెద్ద ఫ్యూజు వేయుట. 3 ఆంపియర్లు చాలుచోట 10 వేసినవాడు ఫ్యూజును పీకివేసినవానితో సమానుడే. ఈ బోర్డువలన మనకు ముఖ్యముగా దక్కునది చిన్న ఫ్యూజును చిన్నదిగానే ఉంచుకొను వెసులుబాటు.

ఆ తొలి దూకుడును అదుపు చేయుటకు నీవు ఒక్క రెసిస్టరునే గీసితివి. 150 ఓములు, 10 వాట్లు గల తెల్లని సిరామిక్ దిమ్మెలు మూడింటిని సమాంతరముగా వేయుము. కలిపి 50 ఓములగును. 230 వోల్టుల సరఫరా శిఖరము 325 వోల్టులు గనుక ప్రవాహము ఆరున్నర ఆంపియర్లు దాటదు. తొలి క్షణమున వేయి వాట్ల భారమును పంచుకొనుటకు ముగ్గురుండుట మేలు. పావు సెకను గడచిన పిమ్మట రిలే మూసికొని వాటిని ప్రక్కకు తప్పించును. థర్మిస్టరొకటి చాలునన్న నీ మిత్రుని మాట పూర్తిగా కొట్టివేయను గాని, వేడెక్కినది చల్లారకముందే మరల మీట వేసినచో అది కాపలా కాయదు.

రిలే మూసికొననినాడు ఏమగునో ఆలోచించితివా? పాట నడచుచుండగా ఒక్క ఆంపియరు ప్రవహించినను 50 వాట్ల వేడి పుట్టును. నీ ముగ్గురి ఓపిక 30. అన్నము వండు కుక్కరులో నుండు థర్మల్ ఫ్యూజు వంటిదానినొకటి వాటికి ఆనించి, వాటితో వరుసగా కలుపుము. టంకము వేయునప్పుడు దాని కాలిని శ్రావణముతో పట్టుకొనుము. లేనియెడల టంకపు వేడికే అది పోవును, నీవు రాత్రియంతయు తప్పు వేరొకచోట వెదకుచుందువు.

ఇక నా అజ్ఞానము. తొలిసారి నేను చేసిన బోర్డులో, రిలే గిలగిలలాడకుండునని దాని సరఫరాకు 4,700 మైక్రోఫారడ్ల కెపాసిటరు పెట్టితిని. ఒక వానాకాలపు రాత్రి కరెంటు రెప్పపాటు పోయి వచ్చినది. ఆ పెద్ద కెపాసిటరు రిలేను విడువక పట్టుకొనియుండుటచే, తిరిగి వచ్చిన కరెంటు రెసిస్టర్ల మొగమైనను చూడక తిన్నగా ట్రాన్స్‌ఫార్మరులో దూకినది. ఫ్యూజు గాజు గొట్టము లోపల నల్లగా వెండిమెరుగుతో పూసికొనిపోయినది. నీవు 220తో సరిపెట్టుము. కాలము లెక్కించు కెపాసిటరు కూడ కరెంటు పోగానే ఖాళీ యగుటకు ఒక డయోడు దారి చూపుము.

రిలేకు సరఫరా చిన్న 12 వోల్టుల ట్రాన్స్‌ఫార్మరునుండి తీయుము. ధర తక్కువయని కెపాసిటరు ద్వారా మెయిన్సునుండి నేరుగా లాగు పద్ధతిలో బోర్డంతయు ప్రాణాంతకమగును. మెయిన్సు రాగిదారులకును తక్కువ వోల్టేజి దారులకును నడుమ 8 మిల్లీమీటర్ల ఎడము విడువుము, రిలే క్రింద చీలిక కోయుము. నీ పటమున ఒక మూల బిగింపు మరయు లైవు దారియు దాదాపు ముద్దు పెట్టుకొనుచున్నవి. ఆ మర పెట్టెకు తగులును, పెట్టెను నీవు తాకుదువు. దారిని మరలించుము.

గుజరాతీ గల్లీనుండి రిలేయు దిమ్మెలును తెచ్చి కట్టితిని. వాటితో నా పాత 100 వాట్ల ఫిలమెంటు బల్బును హోల్డరుతో పంపుచున్నాను. మొదటిసారి దానిని వరుసగా కలిపి మీట వేయుము. క్షణకాలము వెలిగి మసకబారినచో మంచిది, వెలుగుచునే యున్నచో వెంటనే ఆపుము. బల్బు తీసిన తరువాత మీట వేసి రిలే టక్కుమనుట వినుము. ఆపి, ఒక సెకను గడవగానే మరల వేయుము. ఆ రెండవసారి కూడ టక్కుమను చప్పుడు కొంచెము ఆలస్యముగనే వచ్చినదో లేదో నాకు వ్రాయుము.

ఇట్లు,
నీ మామయ్య