కనిపించని వ్యాధి – సాముదాయక కళలు

వ్యాధులలో కొన్ని మనిషిని చూడగానే తెలిసిపోతాయి. విరిగిన కాలు, మశూచి మచ్చలు తమ కథను తామే చెప్పుకొంటాయి. మరికొన్ని అట్లా కావు. మూర్ఛ, సికిల్ సెల్ రక్తహీనత, మానసిక వ్యాధులు, హెచ్.ఐ.వి. మొదలైనవి ఉన్న వ్యక్తి నలుగురిలో నలుగురివలెనే కనిపిస్తాడు. అందువలన అతనికి రెండు విధాలైన బాధ. చెప్పకపోతే “రాయిలాగా ఉన్నాడు, పనికి రమ్మంటే రాడేమి?” అని సోమరితనాన్ని అంటగడతారు. చెబితే ముందు నమ్మరు; నమ్మిన తరువాత దూరంగా జరుగుతారు. ఈ రెంటి నడుమ నలిగిపోయేవారు తమ అనుభవాన్ని పదిమందితో పంచుకొనడానికి కళలు ఎట్లా ఉపకరించినవో ఈ వ్యాసంలో పరికించుదాము. హెచ్.ఐ.వి.ని ఉదాహరణగా తీసుకొనడానికి కారణమున్నది. దాని చుట్టూ అల్లుకొన్న భయం మరే వ్యాధికీ లేదు. దానిని గురించి ప్రజలు కలిసి సృష్టించుకొన్న కళ కూడా అంత విస్తారమైనదే.

సాముదాయక కళ అనగా ఏమి? ఒక కళాకారుడు ప్రజలకొరకు రచించి ప్రదర్శించేది ప్రచార కళ. ఒక కష్టాన్ని అనుభవిస్తున్నవారే కలిసి కూర్చొని చేసుకొనేది సాముదాయక కళ. ఇందులోనూ కళాకారునికి స్థానం ఉన్నది. రంగులు కలపడమో, కుట్టు వేయడమో నేర్పి, పక్కకు తప్పుకొనడం అతని పని. ఆ తప్పుకొనడమే చాలామంది కళాకారులకు చేతకాదు.

మొదటి ఉదాహరణ ఒక బొంత. మన ఇండ్లలో పాత చీరలను పొరలుగా పరచి, దారంతో దూరం దూరంగా కుట్లు వేసి బొంతలు కుట్టడం అందరికీ తెలిసినదే. అమెరికాలోనూ గుడ్డపేలికలు అతికి బొంతలు కుట్టే ఆచారం పూర్వంనుంచీ ఉన్నది. 1985 నవంబరులో శాన్‌ఫ్రాన్సిస్కో నగరంలో జరిగిన ఒక ఊరేగింపులో, ఎయిడ్స్‌తో మరణించినవారి పేర్లను అట్టలమీద వ్రాసి ఒక ప్రభుత్వ భవనపు గోడకు అతికించారు. దూరంనుంచి చూసిన క్లీవ్ జోన్స్ అనే కార్యకర్తకు ఆ గోడ అతుకుల బొంతవలె తోచినది. 1987లో ఆయన తన మిత్రుని పేరిట మొదటి పలకను తయారుచేశాడు. పలక కొలత 3 అడుగుల వెడల్పు, 6 అడుగుల పొడవు. అనగా ఒక సమాధి పరిమాణం. అదే సంవత్సరం అక్టోబరు 11న వాషింగ్టన్ నగరంలోని మైదానంలో 1,920 పలకలను పరిచారు. నేడు ఆ బొంతలో సుమారు 50 వేల పలకలు, లక్షకు పైగా పేర్లు ఉన్నవి.

విద్యార్థులు ఇందులో ఒక సంగతిని గమనించాలి. కొన్ని పలకలమీద పూర్తి పేరు లేదు. మరణించిన తరువాత కూడా కుటుంబానికి మచ్చ వస్తుందనే జంకు అక్కడ కుట్టులోనే కనిపిస్తున్నది. అయినా ఆ పలకను ఎవరో కుట్టారు, ఎవరో తెచ్చి పరిచారు. పేరు దాచి దుఃఖాన్ని చెప్పుకొనడానికి కళ ఇచ్చిన వెసులుబాటు అది.

బొంత మరణించినవారిది. బ్రతికి ఉన్నవారి మాట వినాలంటే ఆఫ్రికా ఖండానికి పోవాలి. ఉగాండా దేశంలో ఫిలీ లుటాయా ప్రసిద్ధ గాయకుడు, స్వీడన్‌లో నివసించేవాడు. 1989లో స్వదేశానికి తిరిగివచ్చి తనకు ఎయిడ్స్ ఉన్నదని బహిరంగంగా ప్రకటించాడు. ఆ దేశంలో అంత పేరున్నవారెవరూ అంతకుముందు ఆ మాట చెప్పలేదు. విన్నవారిలో చాలామంది నమ్మలేదు. పాటల అమ్మకంకొరకు ఆడుతున్న నాటకమన్నారు. మనిషి అప్పటికి బాగానే కనిపిస్తున్నాడు మరి! కనిపించని వ్యాధి పెట్టే చిక్కు ఇదే. రోగి తన రోగానికి తానే సాక్ష్యం తెచ్చుకోవలసి వస్తుంది. ఆయన బడులు, చర్చిలు తిరిగి పాడుతూ, మాట్లాడుతూ, క్రమంగా చిక్కిపోయి, ఆ సంవత్సరం డిసెంబరులోనే మరణించాడు. అదే దేశంలో 1987లో నోరీన్ కలీబా, ఆమె మిత్రులు స్థాపించిన ‘టాసో’ సంస్థలో రోగులే నాటక బృందాలుగా ఏర్పడి, ఆటపాటల నడుమ తమ అనుభవాన్ని సభికులకు చెప్పుకొనే పద్ధతి ప్రారంభమైనది. ఒక్క గాయకుడు మోసిన బరువును ఇక్కడ పదిమంది పంచుకొన్నారు.

అన్నింటిలోనూ నాకు మిక్కిలి లోతైనదిగా తోచినది దేహపటం. దక్షిణాఫ్రికాలో కేప్‌టౌన్ నగరపు శివారులో ఖయేలిత్షా అనే పేదల వాడ ఉన్నది. అక్కడ 2001లో ఒక వైద్య స్వచ్ఛంద సంస్థ హెచ్.ఐ.వి. మందులు ఇవ్వడం ప్రారంభించినది. ఆ మందులు వాడుతున్న కొందరు స్త్రీలతో జేన్ సాలమన్ అనే చిత్రకారిణి 2002లో ఈ పని చేయించినది. పద్ధతి సులభమే. నిలువెత్తు కాగితాన్ని నేలపై పరుస్తారు. ఒకరు దానిమీద పడుకొంటే మరొకరు శరీరం చుట్టూ గీత గీస్తారు. ఆ గీత వెనుక, మరొక రంగులో, తనకు తోడుగా ఉన్నవారి ఆకారాన్ని నీడవలె గీస్తారు. తరువాత తన అరచేతి ముద్ర వేసి, శరీరంపై ఉన్న మచ్చలను, గాయాలను, కాన్పు గుర్తులను ఆయా చోట్ల చిత్రిస్తారు. తన బలం ఎక్కడ ఉన్నదో అక్కడ ఒక గుర్తు పెడతారు. వైరస్‌ను ఎవరికి తోచిన ఆకారంలో వారు గీస్తారు. ఒకే రక్తపరీక్ష ఫలితం ఉన్నవారు కూడా దానిని ఒకే విధంగా గీయరు.

లోపల ఉన్నది కంటికి కనబడడమే ఈ పటం సాధించిన పని. అందులో ఆ స్త్రీ వట్టి రోగి కాదు. చిన్ననాడు చెట్టుమీదనుంచి పడిన మచ్చకూ వైరస్‌కూ ఒకే కాగితంమీద చోటున్నది. తమ బృందానికి వారు పెట్టుకొన్న పేరు బంబనాని. ఒకరినొకరు పట్టుకొనండి అని అర్థం. వారి పటాలు, కథలు 2003లో గ్రంథరూపంలో వెలువడినవి. ఉర్దూలో హమ్‌దర్దీ అనే మాట ఉన్నది. హమ్ అనగా కలిసి, దర్ద్ అనగా నొప్పి. మనం సానుభూతి అని అనువదించుకొంటున్నాము గాని, సానుభూతి చూపేవాడు గట్టుమీద నిలబడి కూడా చూపవచ్చును. హమ్‌దర్ద్‌కు ఆ వీలు లేదు.

ఇక మన నేలకు వద్దాము. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలు హెచ్.ఐ.వి. వ్యాప్తి అధికంగా ఉన్న ప్రాంతాలు. ప్రభుత్వం ఉచితంగా మందులు ఇవ్వడం 2004 ఏప్రిల్ 1న ప్రారంభించినప్పుడు ఎంచుకొన్న రాష్ట్రాలలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. క్రమం తప్పక మందు వాడి, రక్తంలో వైరస్ పరీక్షకు అందని స్థాయికి తగ్గినవారినుంచి దాంపత్య సంబంధం ద్వారా అది ఇతరులకు సోకదని నేడు వైద్యశాస్త్రం నిర్ధారించినది. మందు ఇంత ముందుకు నడిచినది. మాట మాత్రం ఇంకా వెనుకబడే ఉన్నది.

ఆ మాటకు తగిన ప్రక్రియ మనకు లేకపోలేదు. గుంటూరు జిల్లా పొన్నెకల్లులో జన్మించిన షేక్ నాజర్ బుర్రకథకు తెచ్చిన గౌరవం మనకు గర్వకారణం. 1986లో ఆయనకు పద్మశ్రీ లభించినది. బుర్రకథలో కథకుడు తంబురా మీటుతూ కథ నడుపుతాడు. ఒక వంత హాస్యం, మరొక వంత లోకవ్యాఖ్య. ఊరివారి మనసులో ఉండి నోట రాని ప్రశ్నను హాస్యపు వంత అడగగలడు: “ఏమయ్యా, ఒకే కంచంలో తింటే నాకూ అంటుకొంటుందా?” సభ నవ్వుతుంది, అంటదని కథకుడు విడమరచి చెబుతాడు, భయం సగం కరుగుతుంది. ఉపన్యాసంలో ఈ సౌలభ్యం లేదు. పుర్రెబొమ్మతో బెదిరించే గోడపత్రికలో అసలే లేదు. అది వ్యాధిని దాచుకొనడమే నేర్పుతుంది. ప్రభుత్వ శాఖలు కుటుంబ నియంత్రణ మొదలుకొని ఎన్నో విషయాలకు బుర్రకథను వాడుకొన్నవి. కాని వాటిలో రోగి కథలోని పాత్రగానే మిగిలిపోయినాడు. రోగే కథకుని స్థానంలో నిలబడితే కథ ఎట్లా మారుతుందో చూడవలసి ఉన్నది.

అట్లా నిలబడమని ఎవరినీ ఒత్తిడి చేయరాదు. 2017లో చేసి, 2018 సెప్టెంబరు 10నుంచి అమలులోకి తెచ్చిన హెచ్.ఐ.వి., ఎయిడ్స్ నివారణ, నియంత్రణ చట్టం ప్రకారం ఒకరి ఆరోగ్యస్థితిని వారి సమ్మతి లేకుండా ఇతరులకు వెల్లడించడం నిషిద్ధం. సదుద్దేశంతో తీసిన ఒక ఫొటో వలన కూడా అద్దె ఇల్లు పోవచ్చును, కుదిరిన పెళ్ళి చెడవచ్చును. కనుక కళాశాలలో ఇటువంటి కార్యక్రమం తలపెట్టే విద్యార్థులు మొదటిరోజే తేల్చుకోవలసిన ప్రశ్నలు కొన్ని ఉన్నవి. తలుపు మూసి చేస్తామా, తెరిచా? అసలు పేరా, మారుపేరా? పటం గీసినవారు రేపు మనసు మార్చుకొంటే దానిని గోడమీదనుంచి ఎవరు తీస్తారు? తీసిన కాగితం గీసినవారికే చెందుతుంది. దానిని చుట్టి ఇంటికి తీసుకొనిపోయినా, అక్కడే చింపివేసినా, ఎందుకని అడిగే హక్కు మనకు లేదు.