పాత మారుతి 800 పది కాలాలు నడవాలంటే



మన వార్షికోత్సవ సంచికలో పోటీ పరీక్షల గురించి, మహనీయుల జీవితాల గురించి ఎన్నో మంచి వ్యాసాలు వస్తుంటాయి. ఈసారి నేను ఒక పాత కారు గురించి రాస్తున్నాను. మనవాళ్లు ఉద్యోగంలో చేరాక కొనే మొదటి కారు చాలాసార్లు సెకండ్ హ్యాండ్‌దే. కొన్న ధర కంటే రిపేర్లకే ఎక్కువ పోసి, చివరికి తుక్కు కింద అమ్ముకున్నవాళ్లూ ఉన్నారు. మా ఇంట్లో మొదటి డిగ్రీ నాది. ఇప్పుడు ఫిజిక్స్‌లో పీజీ చేస్తున్నాను. అందుకని ఇంట్లో ఏ యంత్రం ఆగినా "నువ్వు చదువుకున్నావు కదా, చూడరా" అంటారు. అలా చూస్తూ, కారు మాన్యువల్ చదువుతూ, మెకానిక్ షెడ్డులో కూర్చుని అడుగుతూ తెలుసుకున్న సంగతులు ఇవి.

ఏమిటీ కారు?

మారుతి 800 మొదటి కారు 1983 డిసెంబరు 14న కొనుగోలుదారు చేతికి వచ్చింది. 2014 జనవరిలో తయారీ ఆగిపోయింది. ఈ మధ్యకాలంలో మన దేశంలో 25 లక్షలకు పైగా అమ్ముడయ్యాయి. ఇంజన్ 796 సీసీ, మూడు సిలిండర్లు. చిన్న ఇంజన్, తేలికైన బాడీ, ఎక్కడైనా దొరికే స్పేర్ పార్టులు. అందుకే పల్లెల్లో, చిన్న పట్టణాల్లో ఇప్పటికీ ఇది కనబడుతూనే ఉంటుంది.

అసలు శత్రువు వేడి

పాత కారును చంపేది ఎక్కువగా వేడి. దీని వెనుక మనం ఇంటర్‌లో చదివిన ఉష్ణ వ్యాకోచం పాఠమే ఉంది. ఈ ఇంజన్‌లో కింది బ్లాక్ పోత ఇనుముతో, పైన హెడ్ అల్యూమినియంతో చేస్తారు. ఒకే వేడికి అల్యూమినియం ఇనుము కంటే దాదాపు రెట్టింపు సాగుతుంది. మామూలు వేడిలో ఈ తేడాను మధ్యలో ఉన్న గ్యాస్కెట్ తట్టుకుంటుంది. వేడి హద్దు మీరితే హెడ్ వంకర పోతుంది, గ్యాస్కెట్ కాలిపోతుంది. అప్పుడు ఇంజన్ విప్పక తప్పదు.

ఆ వేడిని బయటికి తీసుకుపోయేది రేడియేటర్‌లోని ద్రవం. చాలామంది అందులో బోరు నీళ్లు పోస్తారు. మన హాస్టల్లో నీళ్లు కాచుకునే హీటర్ రాడ్డు మీద తెల్లటి పొర పేరుకోవడం అందరం చూశాం. ఆ పొరే రేడియేటర్ సన్న గొట్టాల్లోనూ కడుతుంది, దారి మూసుకుపోతుంది. కాబట్టి కూలెంటే పోయాలి. నేరుగా పోసేది కాకుండా కలుపుకునేది కొంటే డిస్టిల్డ్ వాటర్‌తోనే కలపాలి.

రేడియేటర్ మూత కూడా ఉత్త మూత కాదు. లోపల ఒత్తిడి పెంచి ఉంచుతుంది. ప్రెషర్ కుక్కర్‌లో లాగే ఒత్తిడి పెరిగితే నీళ్లు వంద డిగ్రీల దగ్గర మరగవు, ఇంకా పైకి పోతాయి. మూతలోని రబ్బరు గట్టిపడిపోతే ఆ లాభం పోతుంది. మూత మార్చడానికి అయ్యేది తక్కువే. అయితే ఇంజన్ వేడిగా ఉండగా మూత తిప్పారో, మరిగే నీళ్లు ముఖాన చిమ్ముతాయి. పూర్తిగా చల్లారాకే తీయాలి.

ఒక ఉదాహరణ

మా బాబాయి సంతల్లో బట్టలు అమ్ముతాడు. వెనక సీటు మడిచి మూటలు వేసుకుని తిరుగుతాడు. ఆయనది 2006 మోడల్ మారుతి 800. నిరుడు ఎండాకాలంలో వేడి ముల్లు పైకి పోవడం మొదలైంది. ఒక షెడ్డులో చూపిస్తే "హెడ్ గ్యాస్కెట్ పోయింది, ఇంజన్ దించాలి, పద్దెనిమిది వేలు అవుతుంది" అన్నారు. అది పిన్ని డ్వాక్రా గ్రూపులో తీసుకున్న అప్పుతో సమానం. బండి లేకపోతే సంత లేదు, సంత లేకపోతే ఆ వారం కిస్తీ లేదు.

నేను బాబాయిని ఒక్కటే అడిగాను: "ముల్లు ఎప్పుడు పైకి పోతోంది?" ఆయన ఆలోచించి, "రోడ్డు మీద పోతుంటే ఏమీ లేదురా, సంత దగ్గర ట్రాఫిక్‌లో నిలబడితేనే" అన్నాడు. బండి పరిగెడుతున్నప్పుడు ఎదురుగాలే రేడియేటర్‌ను చల్లబరుస్తుంది. నిలబడినప్పుడు ఆ పని కరెంటు ఫ్యానుది. ఇంజన్ ఆన్‌లో ఉంచి కాచుకుని చూశాం. ముల్లు సగం దాటినా ఫ్యాను తిరగలేదు. ఫ్యూజు పోయింది. ఎందుకు పోయిందని చూస్తే, ఫ్యాను వైరు పైతొడుగు ఊడి బాడీకి తగులుతోంది. ఒక ఎలక్ట్రీషియన్ వైరు సరిచేసి, అదే ఆంపియర్ల ఫ్యూజు వేశాడు. మొత్తం ఖర్చు 150 రూపాయలు. ఫ్యూజు మాటిమాటికీ పోతోందని దాని బదులు రాగి తీగ చుట్టకూడదు. బండి తగలబడే ప్రమాదం ఉంది.

ఆ షెడ్డువాళ్లు మోసమే చేశారని నేను అనను. తొందరలో అలా అనుకుని ఉండవచ్చు. గ్యాస్కెట్ నిజంగా పోతే వేరే గుర్తులు ఉంటాయి. సైలెన్సర్ నుంచి తెల్లపొగ ఆగకుండా వస్తుంది. ఆయిల్ పాలు కలిపిన టీ రంగులోకి మారుతుంది. ఎక్కడా కారకుండానే కూలెంట్ తగ్గిపోతుంది. ఇవేవీ లేకుండా ఇంజన్ విప్పుతామంటే, "ఏ గుర్తు చూసి చెబుతున్నారన్నా?" అని మర్యాదగా అడగాలి. అడిగే హక్కు మనకుంది.

దారిలో ముల్లు పైకి పోతే ఏసీ ఆపి, బండి పక్కకు తీసి ఇంజన్ ఆపేయాలి. కాలుతున్న ఇంజన్ మీద చన్నీళ్లు గుమ్మరించకూడదు. "ఇంకో రెండు కిలోమీటర్లే కదా" అని నడపకూడదు.

మిగిలిన ముఖ్య విషయాలు

ఇంజన్ ఆయిల్: ఇందులో పట్టేదే మూడు లీటర్ల లోపు. అర లీటరు తగ్గినా ఇంజన్‌కు పెద్ద లోటే. వారానికోసారి ఉదయం, చదునైన చోట బండి ఉంచి డిప్ స్టిక్ తుడిచి మళ్లీ పెట్టి చూడాలి. ఆయిల్ రెండు గీతల మధ్య ఉండాలి. పొగ నీలంగా వస్తే ఆయిల్ కాలుతోందని, నల్లగా వస్తే పెట్రోలు ఎక్కువ పడుతోందని గుర్తు.

టైమింగ్ బెల్ట్: వేడి ముల్లుతో చెబుతుంది, ఆయిల్ పొగతో చెబుతుంది. ఈ రబ్బరు బెల్ట్ మాత్రం ఏమీ చెప్పదు. మూత వెనక ఉంటుంది, ఉన్నట్టుండి తెగుతుంది, బండి నడిరోడ్డు మీద ఆగిపోతుంది. పాత కారు కొన్నప్పుడు, బెల్ట్ ఎప్పుడు మార్చారో బిల్లు లేకపోతే ముందు అదే మార్పించండి.

బ్రేకులు: బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. రెండేళ్లకోసారి మార్చాలి. డబ్బాలో మట్టం తగ్గుతుంటే ప్యాడ్లు అరిగాయనో, ఎక్కడో కారుతోందనో అర్థం.

టైర్లు: పక్కన నాలుగంకెలు ఉంటాయి. 3519 అని ఉంటే 2019వ సంవత్సరం 35వ వారంలో తయారైందన్నమాట. గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గితే మార్చాల్సిందే.

బ్యాటరీ: ఇంజన్ ఆపి కొన్ని గంటలు ఉంచాక మల్టీమీటర్‌తో చూస్తే 12.6 వోల్టుల దగ్గర ఉండాలి. ఇంజన్ నడుస్తుంటే 14 వోల్టుల చుట్టుపక్కల ఉండాలి. అలా పెరగకపోతే కొత్త బ్యాటరీ కొనకముందు ఆల్టర్నేటర్‌ను, దాని బెల్టును చూపించండి.

పెట్రోలు పైపులు: 2025 నాటికి దేశంలో పెట్రోలులో ఇథనాల్ వాటా 20 శాతానికి చేరింది. పాత కార్ల రబ్బరు పైపులు దాన్ని దృష్టిలో పెట్టుకుని చేసినవి కావు. పైపు మెత్తబడినా, పగిలినా, పెట్రోలు వాసన వచ్చినా వెంటనే మార్చాలి.

తుప్పు: కొనేముందు మ్యాట్లు ఎత్తి ఫ్లోరు చూడండి. ఇంజన్ బాగు చేయించవచ్చు, తుప్పు తిన్న బాడీని బాగు చేయడం కష్టం.

కాగితాలు: సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకు. ఆ తర్వాత రవాణా కార్యాలయంలో తనిఖీ చేయించి ఐదేళ్లకోసారి పొడిగించుకోవాలి. మారుతి 800లలో చాలా భాగం ఇప్పటికే ఆ వయసు దాటాయి. బేరం కుదుర్చుకునే ముందు ఆర్.సి. మీద తేదీ చూడండి. ఫైనాన్స్ బాకీ ఉందేమో చూడండి. కొన్నాక పేరు మార్పించుకోవడం మరవద్దు.

చివరి మాట

గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకోవద్దని మన పెద్దలు చెబుతారు. పాత కారుకు ఈ మాట సరిగ్గా సరిపోతుంది. ఒక చిన్న నోటు పుస్తకం కారులో పెట్టుకోండి. ఏ తేదీన, ఎన్ని కిలోమీటర్ల దగ్గర, ఏ పార్టు మార్చారో, ఎంతయిందో రాయండి. మా బాబాయికి చదవడం రాదు. ఆయన పుస్తకం ఏడో తరగతి చదువుతున్న మా చెల్లి రాస్తోంది. మీ ఇంట్లో కూడా ఇలాంటి బండి ఉంటే, దసరా సెలవులకు వెళ్లినప్పుడు ఆ పుస్తకం మీరే మొదలుపెట్టండి.