కరెంటు పోతేనే గుర్తొచ్చే లైన్‌మన్

కోల్‌కతా సాల్ట్ లేక్ సెక్టర్ ఫైవ్‌లో రాత్రి రెండింటికి కూడా మట్టి కప్పులో వేడి టీ దొరుకుతుంది. ఆ వేళ కప్పు పట్టుకుని నిలబడేవాళ్లలో సగం మంది అమెరికా పగటిని కాపలా కాసేవాళ్లే. మొన్నొక రాత్రి శ్రీకాకుళం కుర్రాడొకడు నాతో అన్నాడు: "అన్నా, ఏడాదంతా ఏదీ ఆగకుండా చూశాను. అప్రైజల్లో రాసుకుందామంటే ఒక్క ముక్క దొరకలేదు. మార్చిలో నలభై నిమిషాలు సర్వర్ ఆగింది చూడు, అదొక్కటే అందరికీ గుర్తుంది."

మన ఊళ్లో లైన్‌మన్ అంటే స్తంభం ఎక్కే మనిషి. కరెంటు ఉన్నన్నాళ్లూ ఆయన పేరు ఎవరూ తలవరు, పోయిన మరుక్షణం ఊరంతా తలుస్తుంది. అమెరికన్ ఫుట్‌బాల్లో కూడా లైన్‌మన్ ఉన్నాడు. ఆ కుర్రాడి క్లయింట్లు సోమవారం కాల్‌లో మాట్లాడుకునేది ఆ ఆట గురించే. ముందు వరుసలో ఐదుగురు: మధ్యలో సెంటర్, అటూ ఇటూ ఇద్దరు గార్డులు, చివర్లలో ఇద్దరు టాకిళ్లు. ఒక్కొక్కరూ దాదాపు 140 కిలోలుంటారు. బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ మీద ఎవరూ పడకుండా మూడు నాలుగు సెకన్లు అడ్డం నిలబడటమే వాళ్ల ఉద్యోగం. ఒక్క మ్యాచ్‌లో అరవై డెబ్బై సార్లు బరిలో నిలబడాలి. మామూలుగా విసిరిన బంతిని అందుకునే హక్కు వాళ్లకు లేదు. గోల్ లెక్క లేదు, పరుగుల లెక్క లేదు. రిఫరీ మైకులో వాళ్ల నంబరు వినిపించేది ఎక్కువగా తప్పు చేసినప్పుడే. ప్రత్యర్థిని చేత్తో పట్టుకుంటే పది గజాల శిక్ష, దానితోపాటు లక్షల మంది ముందు నంబరు చదవడం.

ఇలాంటి ఉద్యోగంలో నిలబడ్డవాళ్ల నుంచి మనం తెచ్చుకోదగ్గవి చాలా ఉన్నాయి. నాకు అన్నిటికన్నా ముందు కనిపించేది లెక్క. బయట ఎవరూ లెక్కపెట్టరు కాబట్టి జట్టు లోపల గట్టిగా లెక్కపెడతారు. మ్యాచ్ అయ్యాక కోచ్ వీడియో వేసి, ఒక్కో లైన్‌మన్ ఒక్కో ఆటలో అడుగు ఎటు వేశాడో, చెయ్యి ఎక్కడ పెట్టాడో చూసి మార్కులు వేస్తాడు. క్లీవ్‌లాండ్ జట్టులో జో థామస్ అనే లెఫ్ట్ టాకిల్ 2007 నుంచి 2017 అక్టోబరులో చేతి కండరం తెగేదాకా ఒక్క ఆట కూడా వదలకుండా వరుసగా 10,363 సార్లు బరిలో నిలబడ్డాడు. ఆ సంఖ్య ఎవరో ఒకరు రాసిపెట్టారు కాబట్టే ఈ రోజు మనకు తెలుసు. అంత చేసినా అతని కాలంలో ఆ జట్టు ఒక్కసారీ ప్లేఆఫ్స్‌కు చేరలేదు. 2017 సీజన్‌లో ఆడిన 16 మ్యాచ్‌లూ ఓడింది. అయినా 2023లో అతను హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి వెళ్లాడు. ప్రాజెక్టు మునిగినా మీ పనికి విలువ ఉంటుందని నేను నమ్మేది ఇలాంటివి చూసే. కానీ రుజువు ఉండాలి.

ఆ రుజువు మీరే రాసుకోవాలి. శుక్రవారం షిఫ్ట్ దిగేముందు పావుగంట చాలు. ఏ తేదీన, ఏ అలర్ట్, మీరు ఏం చేశారు, మీరు అది చేయకపోతే ఏం ఆగిపోయేది, ఎవరికి చెప్పారు అని ఐదు ముక్కలు రాయండి. క్లయింటు వివరాలు, పాస్‌వర్డులు అందులోకి రానివ్వకండి. ఏడాది చివర యాభై వరుసలవుతాయి. అప్రైజల్లో యాభై చూపించకూడదు, మూడు చూపించాలి. మేనేజరుకు తేలిగ్గా అర్థమయ్యేవి, డబ్బుతోనో సమయంతోనో కొలవగలిగేవి. "కష్టపడ్డాను" అన్న మాటకు ఎక్కడా మార్కులు పడవు. "నెలకు పన్నెండు సార్లు వచ్చే అలర్ట్ రెండుకు తగ్గింది" అన్న మాటకు పడతాయి.

ఇక జీతం. 1993లో అమెరికా లీగ్‌లో ఆటగాళ్లు ఒప్పందం ముగిశాక స్వేచ్ఛగా జట్టు మారే పద్ధతి వచ్చాక లెఫ్ట్ టాకిల్ ధర బాగా పెరిగింది. కుడిచేత్తో విసిరే క్వార్టర్‌బ్యాక్ వీపు ఎడమవైపుకు ఉంటుంది, అటునుంచి వచ్చేవాణ్ణి అతను చూడలేడు. అతను గాయపడితే జట్టు సీజనే పోతుంది. కాపలావాడి ధర కాపాడేదాని ధరను బట్టి ఉంటుంది. మీరు కాపాడే వ్యవస్థ గంట ఆగితే కంపెనీకి ఎంత నష్టమో మీకు తెలియాలి. ఆ అంకె తెలియకుండా జీతం గురించి మాట్లాడటానికి కూర్చోకండి. ఒప్పందం కొత్తగా రాసుకునే వేళ, కొత్త ప్రాజెక్టు మొదలయ్యే వేళ అడగండి. సర్వర్ పడిపోయిన రాత్రి అడిగితే మీ మీద నమ్మకం పోతుంది.

ఈ సాల్ట్ లేక్‌లోనే, మైదానం పక్కన, స్పోర్ట్స్ అథారిటీ వారి తూర్పు కేంద్రం ఉంది. శరీరాన్ని నమ్ముకున్న పిల్లలు అక్కడ పొద్దున్నే చెమటోడుస్తుంటారు. వాళ్లకూ, వాళ్ల తల్లిదండ్రులకూ ఒక మాట. 2011లో మన దేశంలోనూ అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఒకటి ప్రకటించారు. అందులో కోల్‌కతా వైపర్స్, హైదరాబాద్ స్కైకింగ్స్ అనే జట్లుండేవి. 2012లో మొదటి సీజన్ కొలంబోలో జరిగింది. తర్వాత అది నిలదొక్కుకోలేదు. కొత్త లీగ్ వస్తే వెళ్లి ఆడండి, కానీ చదువునూ ఉద్యోగాన్నీ వదిలి వెళ్లకండి. అయితే తలుపు మూసుకుపోయిందని కూడా అనుకోకండి. సిడ్నీలో రగ్బీ ఆడుతున్న జోర్డన్ మైలాటా అంతకుముందు ఒక్క అమెరికన్ ఫుట్‌బాల్ మ్యాచ్ కూడా ఆడకుండానే 2018లో అమెరికా లీగ్ కొత్త ఆటగాళ్లను తీసుకునే డ్రాఫ్ట్ ఏడో రౌండ్‌లో ఫిలడెల్ఫియా జట్టుకు ఎంపికయ్యాడు. మోకాళ్లు ఎలా వంచాలో, చేతులు ఎక్కడ పెట్టాలో ఓనమాల నుంచి నేర్చుకున్నాడు. 2025 ఫిబ్రవరిలో లీగ్ ఫైనల్ అయిన సూపర్ బౌల్ గెలిచిన జట్టుకు అతనే లెఫ్ట్ టాకిల్. కొత్త టెక్నాలజీకి బదిలీ చేశారని బెంగపడేవాళ్లకు నేను ఇతని పేరే చెబుతుంటాను.

ఆట ఆగిపోయాక ఏం చేయాలన్నది ఇంకో ప్రశ్న. కోల్‌కతాకు మన హైదరాబాద్ వాళ్లు కాలితో ఆడే మామూలు ఫుట్‌బాల్ కోసం చాలా కాలంగా వస్తున్నారు. సికింద్రాబాద్ తులసీదాస్ బలరాం 1957లో ఈస్ట్ బెంగాల్ క్లబ్‌కు వచ్చాడు. 1956 మెల్‌బోర్న్, 1960 రోమ్ ఒలింపిక్స్, 1962 ఆసియా క్రీడల బంగారు పతకం, అన్నీ చూశాడు. 1963లో రైల్వే వారి బీఎన్ఆర్ జట్టుకు మారాడు. అనారోగ్యం కమ్మి ఇరవై ఏడేళ్లకే ఆట ఆగిపోయింది. 2023 ఫిబ్రవరిలో కన్నుమూసేదాకా, అంటే దాదాపు అరవై ఏళ్లు, తాను ఆడే ఆట లేకుండా బతికాడు. ఈ లెక్క వేసుకున్నప్పుడల్లా నా గుండె కలుక్కుమంటుంది. అదే హైదరాబాద్ నుంచి వచ్చిన సయ్యద్ నయీముద్దీన్ డిఫెండరు, అడ్డం నిలబడే మనిషే. 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన జట్టుకు కెప్టెన్. కాళ్లలో పరుగు తగ్గాక కోచ్ అయ్యాడు. ఆటగాడిగా అర్జున, 1990లో గురువుగా ద్రోణాచార్య అందుకున్నాడు.

రెండో పని మొదటి పని ఉండగానే మొదలవ్వాలి. కాన్సాస్ సిటీ జట్టు గార్డు లోరాన్ దువెర్నే తార్దిఫ్ ఆడుతూనే వైద్యవిద్య పూర్తి చేశాడు. 2020 ఫిబ్రవరిలో సూపర్ బౌల్ గెలిచి, కోవిడ్ రాగానే క్యూబెక్‌లో వృద్ధుల సంరక్షణ కేంద్రంలో పనికి వెళ్లాడు, ఆ ఏటి సీజన్ వదులుకున్నాడు. మీరు డాక్టరు కానక్కర్లేదు. వారానికి నాలుగు గంటలు, జీతం వస్తుండగానే, వేరే ఒక నైపుణ్యానికి కేటాయించండి.

శరీరం గురించి మెత్తగా చెప్పడం నాకు చేతకాదు. పిట్స్‌బర్గ్ సెంటర్ మైక్ వెబ్‌స్టర్ నాలుగు సూపర్ బౌల్స్ గెలిచాడు. తలకు తగిలిన వేలాది దెబ్బలతో మెదడు దెబ్బతింది. 2002లో యాభై ఏళ్లకే పోయాడు. జో థామస్ రిటైరవగానే పని కోసం పెంచిన బరువును పనిగట్టుకుని దించుకున్నాడు. రాత్రి షిఫ్ట్ కూడా శరీరం మీద పడే దెబ్బే, మెల్లగా పడుతుంది. షిఫ్ట్ దిగి కర్టెన్లు మూసి చీకట్లో పడుకోండి. రెండు మూడు రోజులకోసారి షిఫ్ట్ మార్చే రోస్టర్‌కు ఒప్పుకోకండి, కనీసం కొన్ని వారాలు ఒకే వేళ ఉంచమని రాసి అడగండి. షుగరు, బీపీ ఏటా చూపించుకోండి. కంపెనీ ఇచ్చే ఆరోగ్య బీమా ఉద్యోగంతోపాటే పోతుంది. వయసులో ఉన్నప్పుడే సొంతంగా ఇంకొకటి తీసుకోండి.

అమెరికా లీగ్‌లో సగటు ఆటజీవితం మూడేళ్ల పైచిలుకేనని ఆటగాళ్ల సంఘం చెబుతుంటుంది. పెన్షన్ హక్కు రావాలంటే లెక్కకొచ్చే మూడు సీజన్లు ఉండాలి. అందుకే ఆ మూడో సీజన్ వాళ్లకు ప్రాణం. 1983 నుంచి 2008లో చనిపోయేదాకా ఆ సంఘాన్ని నడిపిన జీన్ అప్‌షా కూడా ఒకప్పటి గార్డే.

మనకు ఆ పెన్షన్ గీత పదేళ్ల దగ్గర ఉంది. ఈపీఎఫ్‌తో వచ్చే పెన్షన్ పథకంలో పదేళ్ల సర్వీసు నిండితేనే 58 ఏళ్లకు నెలనెలా పెన్షన్. కంపెనీ మారినప్పుడల్లా పీఎఫ్ విత్‌డ్రా చేసి ఫోన్ కొనుక్కునే పిల్లల్ని చూస్తే బాధేస్తుంది. పెన్షన్ భాగం కూడా విత్‌డ్రా చేస్తే ఆ ఏళ్లు లెక్కలోంచి పోతాయి. పాత ఖాతాను అదే యూఏఎన్ (పీఎఫ్‌లో మీకుండే ఒకే నంబరు) కింద బదిలీ చేయించుకుంటే కలుస్తాయి. 2014 సెప్టెంబరు తర్వాత మొదటిసారి చేరినవాళ్లలో, చేరేనాటికే పీఎఫ్ జీతం 15,000 రూపాయలు దాటినవారికి ఆ పెన్షన్ పథకం వర్తించదు. మీరు ఏ గడిలో ఉన్నారో పాస్‌బుక్ తెరిస్తే పెన్షన్ వరుసలో తెలుస్తుంది.

టీ కప్పు పారేసి ఆ శ్రీకాకుళం కుర్రాడు అక్కడికక్కడే ఫోన్‌లో పాస్‌బుక్ తెరిచాడు. మూడు కంపెనీలు, మూడు ఖాతాలు, ఒక్కటీ కలవలేదు. ఆరేళ్ల సర్వీసు మూడు ముక్కలుగా పడి ఉంది. లోపలికి వెళ్లేముందు మొదటి బదిలీకి దరఖాస్తు పెట్టాడు.